బోర్డు మీది రేటు ఏ తేదీది?

మార్కెట్ యార్డు, బస్టాండు, బ్యాంకు, సర్కారు దవాఖాన… ఇప్పుడు యాడ చూసినా గోడకు ఒక టీవీ వేలాడుతున్నది. రేట్లు, టోకెన్ నంబర్లు, పథకాల బొమ్మలు తిరుగుతుంటయ్. పెట్టిన రోజు రిబ్బన్ కత్తిరిస్తరు, ఫోటోలు దిగుతరు. కొన్నాళ్లకు పోయి చూస్తే కొన్ని తెరలు నల్లగ ఉంటయ్, కొన్నింట్ల ఎప్పటిదో పాత బొమ్మ తిరుగుతుంటది. నల్లగున్న తెరతోని పెద్ద నష్టం లేదు. కొంప ముంచేది పాత బొమ్మ తిరిగే తెరనే.

పత్తినే తీసుకోండ్రి. పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 2024-25ల క్వింటాలుకు 7,521 రూపాయలు. 2025-26ల 8,110 అయింది. యార్డు గేటు కాడి తెర మీద పోయినేటి బొమ్మనే తిరుగుతున్నదనుకోండ్రి. పది క్వింటాళ్లు వేసుకొచ్చిన రైతు అది చూస్తడు. బయట దళారి 7,600 ఇస్తనంటే 'మద్దతు ధర కంటే ఎక్కువనే కదా' అని అమ్మేస్తడు. తేమ 8 శాతం లోపున్న మంచి పత్తి అయితే ఆ రైతుకు అక్కడికక్కడ 5,100 రూపాయలు పోయినట్టే. వాట్సాప్‌ల వచ్చిన రేటును మనం అనుమానిస్తం గని, యార్డు గోడకున్న తెరను ఎవ్వరు అనుమానించరు. అసలు ప్రమాదం గక్కడున్నది.

టీవీకి ఏమీ తెల్వదు, ఏది పంపితే అది చూపిస్తది. అసలు పని చేసేది దాని వెనుకున్న చిన్న పెట్టె, అదే మీడియా ప్లేయర్. బొమ్మలు, వీడియోలు తనల దాచుకొని, చెప్పిన టైంకు చెప్పినవి తిప్పుతది. బ్రైట్‌సైన్ లాంటి ఖరీదైన ప్లేయర్లు ఉన్నయ్. కొన్ని టీవీలల్ల లోపల్నే ఉంటది. మన ఊరి లెక్కకు రాస్ప్‌బెర్రీ పై చాలు. 2012ల వచ్చిన ఏటీఎం కార్డంత కంప్యూటర్ అది. దాంట్ల ఆంథియాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు, పాత పేరు స్క్రీన్లీ ఓఎస్ఈ. మెమరీ కార్డుల సాఫ్ట్‌వేర్ ఎక్కించి, హెచ్‌డీఎంఐ వైరుతోని టీవీకి కలిపి, నెట్ ఇస్తే తెర మీద ఒక అడ్రస్ వస్తది. అదే వైఫైల ఉన్న ఫోన్ల ఆ అడ్రస్ కొడితే పేజీ తెరుచుకుంటది. బొమ్మలు అండ్లనే ఎక్కించాలె. సీసీ కెమెరాలు బిగించే పోరగాళ్లకు ఇదేం కష్టం కాదు.

పెట్టుడు ఒక్కరోజు పని. నడిపించుడే రోజువారీ పని.

బొమ్మ ఎక్కించేటప్పుడు రెండు తేదీలు అడుగుతది: ఎప్పటిసంది చూపాలె, ఎప్పటిదాక చూపాలె. మస్తు మంది రెండోదాన్ని పట్టించుకోరు. నన్నడిగితే బోర్డు మొత్తంల గదే ముఖ్యం. ఇయ్యాల్టి మార్కెట్ రేటు బొమ్మకు ఇయ్యాల రాత్రికే గడువు పెట్టండ్రి. రేపు కొత్తది ఎక్కించుడు మర్చిపోయినా పాతది దానంతటదే దిగిపోతది. మద్దతు ధర బొమ్మకు సీజన్ అయిపోయే తేదీ పెట్టండ్రి.

అయితే గడువు పనిచేయాలంటే ప్లేయర్‌కు సరైన టైం తెల్వాలె. పై-4, అంతకు ముందటి మోడళ్లల్ల బ్యాటరీ గడియారం ఉండదు, నెట్ నుంచే టైం తెచ్చుకుంటది. మూడు రోజులు కరెంటు పోయి, వచ్చినంక నెట్ లేకపోతే, అది ఇంకా కరెంటు పోయిన నాడే ఉన్ననని అనుకుంటది. గడువైన బొమ్మ మళ్ల లేచి కూసుంటది. డీఎస్3231 అనే చిన్న గడియారం ముక్క, గుండీ బ్యాటరీతోని కలిపితే ఈ బాధ తప్పుతది. పై-5ల గడియారం లోపల్నే ఉన్నది గని బ్యాటరీ మనమే తగిలించాలె. గడియారం ఎట్లున్నా, బొమ్మ మీదనే తేదీ పెద్ద అక్షరాలతోని రాయండ్రి. మిషన్ తప్పినా మనిషికి తెలుస్తది.

కరెంటు సంగతి ఇంకోటి. పై-4కు 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలె. సాకెట్ ఖాళీ లేదని టీవీ యూఎస్‌బీకే తగిలిస్తే అది సరిపోదు, మళ్ల మళ్ల ఆగి స్టార్ట్ అయితది. కార్డు మీద రాస్తున్నప్పుడు కరెంటు పోతే కార్డే ఖరాబ్ అయ్యే అవకాశం ఉంటది. చిన్న యూపీఎస్ పెట్టి, ప్లేయర్‌ను, వైఫై రౌటర్‌ను దానికే కలపండ్రి. రెడీ చేసిన కార్డు ఇంకోటి జేబుల ఉంచుకుంటే పది నిమిషాలల్ల మార్చొచ్చు.

మన భాషతోని ఒక తిప్పలున్నది. ప్లేయర్‌ల తెలుగు ఫాంట్ లేకపోతే వెబ్ పేజీల అక్షరాల కాడ ఖాళీ డబ్బాలు వస్తయ్. అందుకే రేట్లను ఫోన్లనే 1920×1080 సైజు బొమ్మగ చేసి ఎక్కించుడు నయం. నెట్ పోయినా బొమ్మ ప్లేయర్‌లనే ఉంటది కాబట్టి తిరుగుతనే ఉంటది. వెబ్ పేజీ అయితే నెట్ లేకుంటే రాదు. తయారైనంక ఇరవై అడుగుల దూరంల నిలబడి చదివి చూడండ్రి. కండ్లద్దాలున్న తాతను చదవమంటే ఇంకా మంచిది.

ఆ పేజీకి పాస్‌వర్డ్ పెట్టకుంటే మాత్రం అదే వైఫైల ఉన్న ఎవడైనా నచ్చిన రేటు ఎక్కించొచ్చు. రేటు రాసే పెట్టెకు తాళం లేకుంటే ఎట్ల?

పైసల ముచ్చట గుడ చెప్పాలె. టీవీ కొననీకి బిల్లు పాసైతది గని, రోజూ బొమ్మ మార్చేటోనికి జీతం ఎవ్వరు రాయరు. మీకు ఈ పని వస్తే బిగించినందుకే పైసలు తీసుకొని పోవద్దు. నెలకింత అని నిర్వహణ కలిపి మాట్లాడుకోండ్రి. రేటు ఎవరు పంపుతరు, ఎన్ని గంటలకు పంపుతరు, తప్పు పడితే ఎవరు జవాబు చెప్తరు అన్నది కాయితం మీద రాయించుకోండ్రి. ఐదారు యార్డులు కుదిరితే జిబో లాంటి సాఫ్ట్‌వేర్‌తోని ఒక్క కాడ కూసొని అన్ని తెరలు చూసుకోవచ్చు.

దూరం నుంచి చూసేటోళ్లకు ఒకటి యాదికుండాలె. మీ ఫోన్ల ప్లేయర్ ఆన్‌ల ఉన్నదని చూపిస్తది, అక్కడ టీవీ స్విచ్ ఎవరో బంద్ చేసి ఉంటరు. గేటు కాడి చాయ్ హోటలాయనను రోజూ పొద్దుగాల తెర ఫోటో ఒకటి వాట్సాప్ చేయమనుండ్రి. ఫోటోల తేదీ ఇయ్యాల్టిది లేకపోతే, యార్డుకు మొదటి బండి రాకముందే బొమ్మ మార్చొచ్చు.