అద్దె యింటిని బరీక్షింపవలసినది ఇల్లాలే

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలనిరి. సొంత యిల్లు కట్టుకొను శక్తి లేక, పట్టణమును విడిచిపోవు వీలును లేక, పరుల యింట నొక భాగమున గాపురముండువారి కష్టమును మాత్రమా సామెత చెప్పలేదు. నేడు హైదరాబాదు నగరమున నల్లకుంట, చిక్కడపల్లి, విద్యానగరము, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ మున్నగు పేటలలో మేడకు మేడ యానుకొని నిలిచి, ఒక్కొక్క మేడలో నాలుగేసి, ఆఱేసి కుటుంబములు జీవించుచున్నవి. గేట్లకు వ్రేలాడు "టు లెట్" బోర్డులను జూచుచు సందులవెంట దిరుగు దంపతులు అచట నిత్యదృశ్యము.

ఇల్లు వెదకుట, బేరమాడుట, కాగితముపై సంతకము చేయుట పురుషుల పని యనియు, దొరకిన యింటిలో సర్దుకొనుట స్త్రీల పని యనియు మన కుటుంబములలో నొక యలవాటు గలదు. ఆయన సాయంకాలము దీపములు వెలిగిన పిమ్మట పది నిమిషములు చూచి వచ్చి "బాగుగనే యున్నది" అనును. కుళాయికి నీరెప్పుడు వచ్చునో, వంటయింటి పొగ యెటు పోవునో, మధ్యాహ్నపు టెండకు పైకప్పు ఎంత కాగునో ఆ పది నిమిషములలో దెలియునా? వీని ఫలమును దినదినము అనుభవించునది ఇల్లాలు. ఉద్యోగమునకు బోవు సోదరి యైనను తెల్లవారుజామున నీరు పట్టుటయు, రాత్రి వంట ముగించుటయు దప్పుట లేదు. కావున సోదరీమణులకు నా మనవి యొక్కటే: అద్దె యింటిని మీ కన్నులతో జూడుడు, మీ నోటితో నడుగుడు, ఒప్పందమును మీరే చదువుడు, అందు మీ పేరును జేర్పించుకొనుడు. మా వారు ఉపాధ్యాయులగుటచే బదిలీల వెంట నేనును పలు అద్దె యిండ్లలో గాపురము చేసితిని. ఆ యనుభవముతోనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నగరము నేర్చిన పాఠము

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నదికి వచ్చిన వఱదలో వేలకొలది జనులు మరణించిరి. నది యొడ్డున నిరుకు సందులలో గిక్కిఱిసియున్న యిండ్లు పెక్కులు కొట్టుకొనిపోయెను. పిమ్మట ప్లేగు వచ్చెను. గాలి, వెలుతురు, మురుగు పాఱుదల లేని నివాసములు ప్రాణాంతకములని తెలిసిన మీదట 1912లో నిజాము ప్రభుత్వము సిటీ ఇంప్రూవ్‌మెంటు బోర్డును స్థాపించి, సందులను విశాలపఱచుటకును, ఆరోగ్యకరములైన యిండ్లు కట్టించుటకును బూనుకొనెను. వఱదల నాపుటకు, నగరమునకు నీరిచ్చుటకు 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును ఏర్పడెను. నూఱేండ్లు గడచినను ఇల్లు వెదకువారు చూడవలసినవి ఆ నాలుగే: నీరు, గాలి, వెలుతురు, మురుగు. గోడల రంగు వీని తరువాతిది.

నీరు

నగరమునకు మంజీర, కృష్ణా, గోదావరి జలములు వచ్చుచున్నను పెక్కు పేటలలో కుళాయి నీరు దినము విడిచి దినము మాత్రమే వచ్చును. కావున "నీరున్నదా?" అని యడిగిన జాలదు. ఏ దినమున, ఏ వేళ, ఎంతసేపు వచ్చును? సంపు ఎంత పెద్దది? ఒక ట్యాంకు నెన్ని కుటుంబములు వాడుకొనును? మోటారు వేయునది యెవరు, దాని విద్యుత్తు ఖర్చు ఎవరిది? వేసవిలో బోరు ఎండినచో ట్యాంకరు వెల యెవరు చెల్లింతురు? ఈ ప్రశ్నలను యజమానినే గాక ఎదురింటి యిల్లాలినిగూడ నడుగుడు. ఆమెకు దాచవలసిన పని యుండదు.

మే మొకప్పుడున్న యింట "నీటికి లోటు లేదు" అని యజమాని గట్టిగా జెప్పెను. ఏప్రిలు రాగానే బోరు ఎండెను. ట్యాంకర్ల వెల నెల నెల మా వంతున బడెను. అడుగబోవగా "నే నా మాట కాగితమున వ్రాసితినా?" అని యాయన ప్రత్యుత్తరము. చెప్పిన మాటకును వ్రాసిన మాటకును గల భేద మా వేసవిలో మా యింటిల్లిపాదికి దెలిసెను.

గాలి, వెలుతురు, వంటయిల్లు

ఇల్లు చూచుటకు మధ్యాహ్నము రెండు గంటల వేళ మంచిది. దీపములార్పించి చూడుడు, పగటి పూట సూదిలో దారమెక్కించుటకు దగిన వెలుతురున్నదో లేదో తెలియును. మనవంటి వేడి పొడి ప్రదేశములలో గదికి గల కిటికీ మొదలగు తెఱపులు నేల వైశాల్యములో పదవ వంతుకు దక్కువ గాకుండవలయునని జాతీయ భవన నియమావళి చెప్పుచున్నది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గదికి నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల యెత్తు గల కిటికీ యుండవలెనన్న మాట. అంత కిటికీ యున్నను అది పొరుగు గోడకు జేనెడు దూరమున నున్నచో బ్రయోజనము లేదు. మిద్దెపైని గదికి అద్దె తక్కువగనే యుండును. కాని వేసవిలో దాని కప్పు రాత్రి పొద్దుపోవు వఱకు వేడిని విడుచుచుండును. పసిపిల్లలును వృద్ధులును గల వారిది యోచింపవలయును.

పెద్ద యింటిని పోర్షన్లుగా విభజించినచోట వంటయిల్లు తఱచుగా వరండాలో నడ్డుగోడ పెట్టి చేసినదై యుండును. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేల మట్టమున నిలిచియుండును. పై నొక చిన్న కిటికీ యున్నంత మాత్రమున జాలదు. క్రిందనుగూడ గాలి బయటికి బోవు దారి యుండవలయును. సిలిండరును నిలువుగా నిలుపు చోటున్నదో చూచుకొనుడు. స్నానపు గదిలో నొక బొక్కెన నీరు గ్రుమ్మరించి, అది యెంతసేపటికి దిగునో కనిపెట్టుడు. గోడల మూలల నల్లని చెమ్మ మచ్చలను క్రొత్త సున్నము దాచును గాని వానకాలము దాచదు.

విద్యుత్తు మీటరు

ఇంటికి వేఱు మీటరున్నదా, లేక యజమాని మీటరునుండి సబ్ మీటరు పెట్టిరా యనునది ముఖ్యము. వాడుక పెరిగినకొలది యూనిట్టు వెలయును బెరుగును. నూటయేబదేసి యూనిట్లు వాడు రెండు కుటుంబములు ఒకే మీటరున నున్నచో లెక్క మూడువందలై హెచ్చు వెలలోనికి బోవును. రెండు మీటర్లున్నచో రెండును తక్కువ వెలలో నుండును. 2024లో తెలంగాణ ప్రభుత్వమారంభించిన గృహజ్యోతి పథకమున నెలకు 200 యూనిట్ల లోపు వాడు అర్హ కుటుంబములకు బిల్లు లేదు, అద్దెకున్నవారును అర్హులే. ఉమ్మడి మీటరున్నచో ఆ లాభము పొందుట కష్టము.

ముందే చెప్పుకొనిన నియమము

పరుల యింట నుండవలసినప్పుడు నియమములను ముందుగా జెప్పుకొనుట కయ్యము గాదు, వివేకము. భారతమున ద్రౌపది యజ్ఞాతవాసపు టేడాది విరాటుని యంతఃపురమున సైరంధ్రియై ప్రవేశించునపుడు ఎంగిలి ముట్టననియు, పాదములు కడుగననియు సుధేష్ణతో ముందే చెప్పుకొన్నది. ఆశ్రయము గోరుచునే తన గౌరవమునకు హద్దు గీచుకొన్నది. రాణి కోపగింపలేదు, అంగీకరించి యుంచుకొన్నది. నెల నెల అద్దె చెల్లించు మనము సందేహించుటేల?

ఒక సంవత్సరమునకు మించిన కౌలు పత్రమును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి తప్పక రిజిస్టరు చేయింపవలయును. ఆ శ్రమ తప్పించుకొనుటకే పదునొకండు నెలల ఒప్పందమను నాచార మేర్పడెను. ఎన్ని నెలలదైనను ఈ క్రింది సంగతులు దానిలో నుండవలయును: అద్దె యెంత, ఏటేట ఎంత పెరుగును, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన యెన్ని దినములకు దిరిగి యిత్తురు, వెళ్లునప్పుడు రంగుల ఖర్చు క్రింద నేమైన బట్టుకొందురా, నీరు, మెయింటెనెన్సు, లిఫ్టు ఖర్చు లెవరివి, మరమ్మతు లెవరివి, ఖాళీ చేయుటకు ఇరుపక్షముల వారు ఎంత ముందు చెప్పవలయును, యజమాని చెప్పకుండ లోనికి వచ్చుట, మాఱు తాళపుచెవి వాడుట కూడదనుట. ఈ కడపటి మాట పగలు ఒంటరిగా నుండు స్త్రీకి మిక్కిలి యవసరము.

ఇంట దిగు దినమున పంకాలు, దీపములు, కుళాయిలు, గోడల పగుళ్లు సెల్‌ఫోనుతో చిత్రములు తీసి యజమానికి బంపుడు. అద్దెను బ్యాంకు ద్వారా చెల్లించుట మేలు. రొక్కముగా నిచ్చినచో రసీదు దీసికొనుడు. ఇల్లు చూడకమునుపే ఫోనులో అడ్వాన్సు పంపుమనువారిని నమ్మరాదు.

చట్టము మాట

1960 నాటి అద్దె నియంత్రణ చట్టమున్నదని చాలమంది ధైర్యము. కాని 2005 సవరణ తరువాత మునిసిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దెగల కట్టడములకది వర్తింపదు. నేటి అద్దెలలో నెక్కువ వాని కా రక్షణ లేదన్న మాట. అట్టి వారికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమును, చేతిలోని యొప్పంద పత్రమును శరణ్యము. ఒప్పందమున వేఱుగ లేనిచో నెల నెల అద్దెకున్నవారిని ఖాళీ చేయింప పదునైదు దినముల నోటీసు ఈయవలయును. తాను చేయవలసిన మరమ్మతును యజమాని నోటీసు తరువాతను చేయకున్నచో అద్దెదారు చేయించుకొని యా సొమ్ము అద్దెలో దగ్గించుకొనవచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది. 2021 జూను 2వ తేదీన కేంద్ర మంత్రివర్గ మామోదించిన నమూనా అద్దె చట్టము నివాసపు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనియు, యజమాని లోనికి రాగోరినచో ఇరువదినాలుగు గంటల ముందు తెలుపవలయుననియు జెప్పెను. అది రాష్ట్రములు స్వీకరించినగాని శాసనము గానేరదు. అయినను మన యొప్పందమున నా నియమములు వ్రాసికొనుట కెవరి యడ్డును లేదు.

పత్రమున భార్య పేరుగూడ నుండవలయునని నేననుటకు గట్టి కారణము గలదు. భర్త దూరదేశమునకు బోవచ్చును, మరణింపవచ్చును, విడిచిపోవచ్చును. ఆ దినమున "నీవెవరవు?" అని యజమాని యడిగినచో ఏమి చూపుదురు? 2005 నాటి గృహహింస చట్టము అద్దె యింటినిగూడ ఉమ్మడి నివాసముగా నెంచి, పత్రము భర్త పేరనే యున్నను అందు నివసించు హక్కు భార్యకు గలదనుచున్నది. అవసరమైనచో వేఱొక నివాసమునకు అద్దె చెల్లింపుమని భర్తను న్యాయస్థాన మాదేశింపవచ్చును. ఇది భర్తపై దావా. ఇంటి యజమాని ముందు నిలుచుటకు సంతకమే బలము. ఇద్దఱ సంతకముల పత్రమునకు అదనపు ఖర్చు లేదు.

ఇల్లు గల సోదరీమణులకు

ఈ పత్రిక చదువువారిలో ఇండ్లు గలవారును ఉందురు. వారికి రెండు మాటలు. ఆషాఢమునను శూన్యమాసమునను ఇండ్లు మాఱుట మనవారి కిష్టము లేదు. బడులు తెఱచు జూను ముందే దిగవలెనను తొందర వేఱు. అట్టి వేళ వచ్చినవారి యవసరమును జూచి అద్దె హెచ్చించుట న్యాయము గాదు. కులమేమి, మాంసము తిందురా, పిల్లలెందఱు, భర్త లేడా అని గుమ్మమునందే ప్రశ్నించి పంపివేయుట చూచుచున్నాము. ఒంటరిగా బిడ్డను బెంచుకొను తల్లికి, చదువునకై వచ్చిన పల్లెటూరి పిల్లకు ఇల్లు దొరకకున్నచో వారెచటికి బోవలయును? అద్దె సకాలమున నిచ్చునా, ఇంటిని శుభ్రముగా నుంచునా యనునది అడుగదగిన ప్రశ్న. తక్కినది వారి సంసారము. నమ్మకస్థులైన అద్దెదారులు పదేండ్లు నిలిచినచో బ్రోకరు ఖర్చును, ఖాళీ నెలల నష్టమును లేక యజమానికే లాభము.

అద్దెకున్న సోదరీమణులారా! క్రొత్త యింట మొదట పాలు పొంగించి, శుభమని తలచి కాపురము పెట్టుదుము. ఆ పాలగిన్నె పొయ్యిమీద బెట్టుటకు ముందే కుళాయి త్రిప్పి చూడుడు, కిటికీ తెఱచి చూడుడు, పత్రము చదివి చూడుడు. కొన్ని నెలలే యుండబోవు నిల్లైనను, అందుండునన్నాళ్లు మీ పిల్లల ఊపిరియు, మీ గౌరవమును ఆ నాలుగు గోడల నడుమనే యున్నవి.