ఇంట్లోనే బ్రేక్ పైపు ఫ్లేర్: కిట్ కొనే ముందు ఇది చూడండి
పాత కారు బ్రేక్ పైపు తుప్పు పట్టడంతో ఈ వారం ఫోన్ పక్కన పెట్టి ఫ్లేరింగ్ టూల్స్ పట్టా. 4.75 మి.మీ. పైపు చివర వెడల్పు చేసి, నట్టు బిగిస్తే సీట్‌కి గట్టిగా అతుక్కునేలా చేయడమే ఫ్లేర్. ముందు పాత పైపు విప్పి చివర చూడండి. గరాటులా ఉండి అంచు లోపలికి మడిచి ఉంటే డబుల్ ఫ్లేర్, బుడగలా ఉబ్బి ఉంటే బబుల్. ఒకదాని చోట ఇంకోటి పెడితే నట్టు ఎక్కినట్టే ఉంటుంది, పెడల్ తొక్కితే ఫ్లూయిడ్ కారుతుంది. సింగిల్ ఫ్లేర్ అయితే బ్రేకులకి వద్దే వద్దు, పగులుతుంది.

హాక్సా కాదు, ట్యూబ్ కట్టర్‌తోనే కోయండి. లోపలి గరుకు గీకేసి, నట్టు ముందే ఎక్కించండి (మర్చిపోతే మళ్లీ కోతే!).

చవక క్లాంప్ కిట్‌లో స్టీల్ పైపు జారి ఫ్లేర్ ఓ పక్కకి వాలింది. అదే కిట్‌లో కుప్రో-నికెల్ పైపు మెత్తగా లొంగింది. రేటు ఎక్కువైనా నా ఓటు మాత్రం వైస్‌లో బిగించే టూల్‌కే. ఫ్లేర్ వంకరగా ఉన్నా, సన్నటి పగులు కనిపించినా కోసేయండి. అన్నీ బిగించి, గాలి తీశాక ఒకరిని పెడల్ గట్టిగా తొక్కి పట్టమని, మీరు నట్టు చుట్టూ టిష్యూ అద్ది చూడండి. తడి తగిలిందా, బండి కదిలించొద్దు.