చూలు నిలువని మందలు

ఎదకు వచ్చిన పెయ్యను ఆంబోతు దాటినది, ఇరువదియొక్క దినములు గడచినను అది మరల ఎదకు రాలేదు గనుక చూలు కట్టినదని తెలకపల్లి రైతు సంతసించును. కాని నెల దాటిన పిమ్మట, ఏ ముప్పదియైదవ దినముననో, అది మరల అరచుచు తిరగపొర్లును. ఇట్లు నాలుగైదు మారులు జరిగినచో దానిని గొడ్డుమోతని నిశ్చయించి సంతకు తోలివేయుదురు. దోషము ఆవుదేయని తలచుట మనకు పరిపాటి. అయితే పుష్టియు బలమును గలిగి, చూపరులకు కన్నులపండువుగా నుండు ఆంబోతే ఒక సూక్ష్మజీవిని ఆవునుండి ఆవునకు చేరవేయుచుండవచ్చును. ఆ సంగతిని తేల్చవలసినది ప్రయోగశాలయే గాని కంటిచూపు కాదు.

ఆ సూక్ష్మజీవి క్యాంపిలోబ్యాక్టర్ ఫీటస్. అందును వెనెరియాలిస్ అను ఉపజాతి. 1913లో ఇంగ్లండునందు మెక్‌ఫేడియన్, స్టాక్‌మన్ అను పశువైద్యులు ఈసుకుపోయిన గొర్రెలయందు ఇట్టి క్రిమిని వర్ణించిరి. 1919లో అమెరికాయందు థియొబాల్డ్ స్మిత్, మేరియన్ టేలర్ అనువారు దానికి విబ్రియో ఫీటస్ అని పేరిడిరి. చిరకాలము అది గర్భస్రావకారియని మాత్రమే ఎన్నబడెను. 1949లో టెర్ప్‌స్ట్రా మొదలగు హాలండు శాస్త్రజ్ఞులు పశువులయందు చూలు నిలువకపోవుటకు సయితము అదియే హేతువని నిరూపించిన పిదపగాని దాని పూర్ణస్వరూపము లోకమునకు తెలియలేదు.

ఆంబోతు శిశ్నమును కప్పియుండు ముందోలునందు సూక్ష్మములైన ముడుతలు గలవు. నాలుగైదేండ్ల ప్రాయము దాటిన కొలది అవి లోతెక్కును. ఆ ముడుతలలో చేరిన క్రిమి అచ్చటనే స్థిరనివాస మేర్పరచుకొనును. దానివలన ఆంబోతునకు జ్వరము రాదు, మేత తగ్గదు, వీర్యము చెడదు. ఆవు సంగతి వేరు. దాటునప్పుడు లోనికి చొచ్చిన క్రిమి గర్భాశయమునకు ప్రాకి, దాని లోపలి పొరను వాచజేయును. అప్పటికే ఏర్పడియున్న పిండము పోషణలేక కొలదివారములలో నశించును. ఎద ఆలస్యముగా మరలివచ్చుటకు కారణ మిదియే. కొన్ని ఆవులు మాత్రము నాలుగైదు నెలల చూలును ఈసుకుపోవును. మిక్కిలి విచారింపదగిన విషయ మేమనగా, ఇట్టి ఆవులలో పెక్కింటికి కొన్ని నెలలలో వ్యాధినిరోధకశక్తి తనంతట కలిగి మరల చూలు నిలుచును. అనగా సంతలో కారుచౌకగా అమ్ముడుపోయిన గొడ్డుమోతు మరుసటి యేట ఈనదగిన ఆవేమో!

ఈ క్రిమిని ప్రయోగశాలలో పెంచుట సులభకార్యము కాదు. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు నూటికి ఇరువదియొక్క పాళ్లుండగా, అంతటి ప్రాణవాయువును ఇది సహింపజాలదు; బొత్తిగా లేకున్నను బ్రదుకజాలదు. కావున ప్రాణవాయువు 5, బొగ్గుపులుసువాయువు 10, నత్రజని 85 పాళ్లుగా కూర్చిన వాయుమిశ్రమముతో నింపిన జాడీలో, నెత్తురు కలిపిన అగారు పలకలను 37 డిగ్రీల వెచ్చదనమున నుంచవలెను. పరీక్షకై ఆంబోతు ముందోలు కడిగి తీసిన నీటిలో ఇతర బ్యాక్టీరియాయు బూజులును అసంఖ్యాకముగా నుండి, నెమ్మదిగా పెరుగు ఈ క్రిమిని ముంచివేయును; వానిని అణచుటకై అగారులో ఔషధములు చేర్చుదురు. మరియొక చక్కని యుపాయము గలదు: 0.65 మైక్రాన్ల రంధ్రములుగల వడపోత పొరను అగారుపై పరచి, దానిమీద నమూనాను చుక్కలుగా విడిచినచో, సన్ననై చురుకుగా కదలు ఈ క్రిమి రంధ్రములగుండ దూరి అగారును చేరును, బొద్దువి పైననే నిలిచిపోవును. మూడు మొదలు అయిదు దినములలో ఒకటి మొదలు మూడు మిల్లీమీటర్ల వెడల్పున, బూడిదవన్నెలో గులాబిఛాయ కలిసి మెరయు గుండ్రని గుంపు లేర్పడును. సూక్ష్మదర్శినిలో ఆ క్రిములు ఎగురు పక్షి రెక్కలవలె వంకరదిరిగి కానవచ్చును. పేగులలో వసించు సోదర ఉపజాతినుండి దీనిని వేరుపరచుటకు నూటికి ఒక పాలు గ్లైసీను చేర్చిన యాహారమిత్తురు: పేగుల క్రిమి అందు పెరుగును, ఇది పెరుగదు.

ఇంత శ్రమపడినను, పలక ఖాళీగా నున్నంతమాత్రమున ఆంబోతు నిర్దోషియని చెప్పరాదు. తెలకపల్లినుండి హైదరాబాదునకు నూరు కిలోమీటర్లకు మించిన దూరము. కడిగిన నీరు గాలి సోకుచు ఎండలో బస్సుపై ప్రయాణము చేసినచో, ప్రయోగశాల చేరునప్పటికి క్రిమి చచ్చియుండవచ్చును. అందుచే తీసిన వెంటనే ప్రత్యేకమైన రవాణా మాధ్యమములో నుంచి, వెలుతురు తగులనీయక పంపుటయు, పలుమారులు పరీక్షించుటయు విధి. నేడు చచ్చిన క్రిమి జన్యుపదార్థమును సైతము పీ.సీ.ఆర్. పరీక్ష పట్టియిచ్చుచున్నది.

అయితే చూలు పోవుట యంతయు క్యాంపిలోబ్యాక్టర్ పనియే కాదు. ఏడవనెల చూలు ఈసుకుపోయినచో అనుమానింపవలసినది 1897లో డెన్మార్కునందు బాంగ్ అనునతడు కనుగొనిన బ్రూసెల్లా అను క్రిమిని. దానికి 4–8 నెలల పెయ్యదూడలకు వేయు ఎస్-19 టీకా గలదు. ఆ క్రిమి మనుష్యులకును సోకును గనుక, పడిపోయిన మాయను వట్టిచేతులతో ముట్టరాదు.

కృత్రిమ గర్భధారణవలన క్యాంపిలోబ్యాక్టర్ వ్యాప్తి తగ్గునన్నది నిజమే. కాని ద్రవనత్రజనియొక్క అతిశైత్యము క్రిమిని చంపునని భ్రమపడరాదు. ఆంబోతులను ముందే పరీక్షించుటయు, వీర్యములో ఆంటీబయాటిక్కులను కలుపుటయు ఇందులకే. ఇక నల్లమలలో అమ్రాబాదు ప్రాంతపు పొడ తూర్పు ఆవులవలె మందలుగా అడవిలో మేయు పశువులను మందలోని ఆంబోతులే దాటును. అట్టి మందకు అరువు తెచ్చిన ముదురు ఆంబోతుకంటె, ఇంకను ఏ ఆవును దాటని కోడె మేలు. ముదురుదానినే తేవలసివచ్చినచో వేరుగ కట్టి, వారమున కొకమారు చొప్పున కడుగునీటిని పరీక్షకు పంపి, క్రిమి లేదని తేలిన పిమ్మటనే ఆవులలోనికి విడువవలెను.