వెబ్‌సైటుకు చోటు: నుమాయిష్ స్టాలా, అబిడ్స్ షట్టరా?

కిందటేడు మన విద్యార్థి సంఘం వెబ్‌సైటు రెండుసార్లు పడిపోయింది. మొదటిసారి తప్పు ఎవరిదో అప్పట్లో నాకు తెలియలేదు. రెండోసారి తప్పు చాలామట్టుకు నాదే. అందుకని ఈ సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకులు అడిగినప్పుడు, కవిత్వం జోలికి పోకుండా ఈ సంగతే నాకు తెలిసినంతలో విప్పి చెబుదామని కూర్చున్నాను. నేను బి.యస్సీ. విద్యార్థినే గాని కంప్యూటరు పండితుణ్ణి కాను. పొరపాట్లుంటే అధ్యాపకులు మన్నించాలి. మిత్రులు ఎలాగూ మన్నించరు.

వెబ్‌సైటు అంటే రాత్రింబగళ్ళు కరెంటు, ఇంటర్నెట్టు ఉండే ఒక కంప్యూటరులో దాచిపెట్టిన ఫైళ్ళు. ఆ కంప్యూటరునే సర్వరు అంటారు. దాన్ని మన సంఘం గదిలో పెట్టుకోలేం. ఆ గదిలో ఫ్యాను తిరగడమే ఒక విశేషం! కనుక ఎవరి దగ్గరైనా అద్దెకు తీసుకోవాలి. మన బోటి వాళ్ళకు అందుబాటులో ఉన్న అద్దెలు ముఖ్యంగా రెండు. ఒకటి షేర్డ్ హోస్టింగ్, రెండోది వర్చువల్ ప్రైవేట్ సర్వర్, పొట్టిగా వి.పి.ఎస్.

షేర్డ్ హోస్టింగ్ అచ్చంగా నాంపల్లి నుమాయిష్‌లో స్టాలు వంటిది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన ఆ ప్రదర్శన ఇప్పుడు ఏటా జనవరి 1న మొదలై నెలన్నర పాటు సాగుతుంది. స్టాలు తీసుకున్న వర్తకుడికి గేటు, కాపలా, దారి దీపాల చింత లేదు. సరుకు సర్దుకుని కూర్చుంటే చాలు. షేర్డ్ హోస్టింగ్‌లోనూ అంతే. ఒకే యంత్రంలో వందల కొద్దీ వెబ్‌సైట్లు ఉంటాయి. ప్రాసెసరు ఒకటే, మెమొరీ ఒకటే, చాలాసార్లు ఐ.పి. చిరునామా కూడా ఒకటే. మరి వచ్చినవాడు ఎవరి స్టాలుకు వచ్చాడో సర్వరుకు ఎలా తెలుస్తుంది? బ్రౌజరు తనకు ఏ పేరు గల సైటు కావాలో అడిగేటప్పుడే చెబుతుంది. 1997లో వచ్చిన హెచ్.టి.టి.పి. 1.1 నిబంధనలు ఆ పేరు చెప్పి తీరాలన్నాయి. ఒక్క చిరునామా మీద వందల సైట్లు కాపురం ఉండగలగడం ఆ చిన్న నియమం చలవే.

యంత్రం మరమ్మతు, సాఫ్ట్‌వేరు నవీకరణ, కాపలా అన్నీ కంపెనీవాడే చూసుకుంటాడు. ఖర్చు నెలకు వందల్లోనే. మొదటేడు ధర చూసి సంబరపడి సంతకం పెట్టకండి, రెండో ఏడు పునరుద్ధరణ ధర తరచు బాగా ఎక్కువ ఉంటుంది. ‘అపరిమితం’ అన్న ప్రకటనను కూడా అట్లాగే చదవాలి. చోటు అపరిమితమే కావచ్చు, ఒకేసారి ఎన్ని పనులు నడవచ్చు, ఎన్ని ఫైళ్ళు ఉండవచ్చు అన్నదానికి షరతుల్లో ఎక్కడో హద్దు ఉంటుంది.

అసలు చిక్కు పొరుగువాళ్ళతో. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో ఒకచోట రేగిన మంటలు చూస్తూండగానే వందకు పైగా స్టాళ్ళను చుట్టుముట్టాయి. తమ స్టాల్లో ఒక్క నిప్పురవ్వ కూడా లేనివాళ్ళు సరుకంతా పోగొట్టుకున్నారు. షేర్డ్ సర్వరులో ఏదో ఒక సైటు మీదకు జనం ఎగబడితే పక్క సైట్లు నత్తనడక నడుస్తాయి. ఒకడు దొంగ ఈ-మెయిళ్ళు పంపితే ఆ చిరునామా మీదున్న అందరి ఉత్తరాలూ అనుమానపు పెట్టెలో పడతాయి. కంపెనీలు సైటుకు సైటుకు నడుమ తడికలు కడతాయి, నిజమే. తడిక తడికే.

ఇక వి.పి.ఎస్. ఇది అబిడ్స్‌లో ఏ కాంప్లెక్సులోనో ఒక షట్టరు తీసుకోవడం. బిల్డింగు మనది కాదు, మెట్లు మనవి కావు, కాని షట్టరు మనది, తాళం మనది, కరెంటు మీటరు మనది. ఒక పెద్ద యంత్రాన్ని హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేరు అనేక చిన్న యంత్రాలుగా విడగొడుతుంది. ప్రతి చిన్న యంత్రమూ తానే పూర్తి కంప్యూటరునన్న భ్రమలో ఉంటుంది. దానికి ఇంత మెమొరీ అని కేటాయించి ఉంటుంది, పొరుగువాడు దాన్ని తినలేడు. ప్రాసెసరు మాత్రం చౌక రకాల్లో ఇంకా ఉమ్మడే, ఈ ముక్క అమ్మేవాళ్ళు గట్టిగా చెప్పరు. ఇదంతా నిన్న మొన్నటి సరుకనుకున్నాను. తీరా చదివితే ఐ.బి.ఎం. వాళ్ళు 1972లోనే వి.ఎం./370 పేరుతో పెద్ద యంత్రాలను ఇట్లా పంచి ఇచ్చారు. లినక్సులో కె.వి.ఎం. చేరింది 2007లో. చౌకగా మన దాకా రావడమే ఆలస్యం.

మన కథకు వస్తాను. పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి పేర్ల నమోదు ఫలానా రోజు ఉదయం 10 గంటలకు మొదలని ప్రకటించాం. తత్కాల్ టిక్కెట్ల మాదిరిగా అందరూ సరిగ్గా 10 గంటలకే వచ్చారు. సైటు పడిపోయింది. మధ్యాహ్నానికల్లా సంఘం గదిలో తీర్మానం: షేర్డ్ పనికిరాదు, వి.పి.ఎస్. తీసుకోవాలి. చేతులెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. లెక్క మాత్రం ఒక్కరూ వేయలేదు.

ఆ లెక్క ఇప్పుడు వేస్తాను. ఒక్క నిమిషంలో 600 మంది వచ్చారనుకుందాం, అంటే సెకనుకు 10 మంది. ఒక్కొక్కరి పేజీ తయారు కావడానికి 2 సెకన్లు పడితే ఏ క్షణం చూసినా లోపల 20 మంది ఉంటారు. మన పథకంలో ఒకేసారి 20 పనులకే అనుమతి. రద్దీకి పేజీ 4 సెకన్లకు సాగిందంటే లోపల 40 మంది ఉండాలి, కనుక సగం మందికి తలుపు వేసినట్టే. సరే, వి.పి.ఎస్. మేలా? మనం కొన్నది 1 జి.బి. మెమొరీది. అందులో సిస్టమూ డేటాబేసూ కలిసి 400 ఎం.బి. తీసుకున్నాయనుకోండి. మిగిలిన 600లో ఒక్కో పనికి 40 చొప్పున పోతే 15 పనులు. పాతదాని కంటే తక్కువ! డబ్బు ఎక్కువ కట్టి ఇరుకు కొట్టు తీసుకున్నాం. అదే, చూసే పేజీలను ప్రతిసారీ వండకుండా ముందే తయారుచేసి పెట్టి ఉంటే ఒక్కోదానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. అప్పుడు ఆ 600 మందీ షేర్డ్‌లోనే వచ్చి పోయేవాళ్ళు.

సెలవులకు ఊరికి పోయినప్పుడు, మేము సొంత సర్వరు తీసుకున్నామని గొప్పగా చెప్పాను. మా నాయనకు సర్వరంటే ఏమిటో తెలియదు. ఉమ్మడి దాంట్ల నుంచి విడిపోయి సొంతది పెట్టుకున్నామని మాత్రం అర్థమైంది. “సొంత బాయి తవ్వుకున్నరు, మంచిదే. పూడిక ఎవడు తీస్తడు రా?” అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

పూడిక తీయవలసినవాణ్ణి నేనే. వి.పి.ఎస్. ఇంటర్నెట్టుకు తగిలించిన కొద్ది గంటల్లోనే ఎవరెవరో పాస్‌వర్డులు ఊహిస్తూ తలుపు తట్టడం మొదలుపెడతారు. మన మీద కోపమేమీ లేదు, యంత్రాలు ఊళ్ళన్నీ తిరిగి అన్ని తలుపులూ తడుతుంటాయి. తాళపు ఫైలు ఉన్నవాడే లోపలికి వచ్చేటట్టు ఏర్పాటు చేసి, పాస్‌వర్డు ప్రవేశం మూసివేయాలి. అవసరం లేని ద్వారాలు బిగించాలి. వారం వారం నవీకరణలు చేయాలి. నకలు మరోచోట పెట్టాలి. నేను నలుగురికీ గుర్తుండాలని తేలిక పాస్‌వర్డు పెట్టాను. తరువాత పరీక్షలొచ్చాయి, మూడు నెలలు అటు తొంగి చూడలేదు. ఎవడో జొరబడి దాన్ని దొంగ ఉత్తరాల కార్ఖానా చేశాడు. అద్దెకిచ్చినవాళ్ళు యంత్రం ఆపేసి, లోపలిది తుడిచేశారు.

పోయినవాటిలో మన పాత వార్షిక సంచికల స్కాన్లు ఉన్నాయి. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తిరగేసి నేనూ మరో మిత్రుడూ కొన్ని సంపాదించాం. అవి అల్మారాలో ఉన్నాయి, మళ్ళీ స్కాను చేయవచ్చు. ఒక్క సంచిక మాత్రం ఒక పూర్వ విద్యార్థి వేరే ఊరి నుంచి రైల్లో తెచ్చి, నాంపల్లి స్టేషనులో నా చేతికిచ్చి, సాయంత్రం బండికి తిరిగి పట్టుకుపోయినది.

అయితే వి.పి.ఎస్. వద్దనా? అట్లా కాదు. రాత్రింబగళ్ళు వెనుక నడవవలసిన ప్రోగ్రాం ఉన్నా, షేర్డ్‌లో దొరకని సాఫ్ట్‌వేరు కావలసి వచ్చినా, నిమిషం పాటు కాక రోజంతా రద్దీ ఉన్నా అదే మార్గం. కంప్యూటరు సైన్సు విద్యార్థి నేర్చుకోవడానికైతే పోయినా ఫరవాలేని సైటుతో తప్పక తీసుకోవాలి. అదనపు రుసుము పుచ్చుకుని పూడిక తామే తీసే కంపెనీలూ ఉన్నాయి. కాని కార్యవర్గం ఏటేటా మారే సంఘానికి, తాళం ఎవరి నుంచి ఎవరికి పోతుందో వ్రాసుకోని సంఘానికి, స్టాలే క్షేమమని ఇప్పుడు నా అభిప్రాయం. దీనికి ఒప్పుకోని మిత్రులు ఇద్దరున్నారు. వాళ్ళు నాకంటే బాగా చదువుతారు కూడా.

ప్రస్తుతం మన సైటు మళ్ళీ షేర్డ్‌లోనే ఉంది, పేజీలు ముందే తయారుచేసినవి. ప్రతి శనివారం నకలు ఒక డిస్కులోకి తీసి అల్మారాలో పెడుతున్నాం. అల్మారా తాళం చెవి గుమాస్తా గారి దగ్గర, రెండోది కార్యదర్శి దగ్గర ఉంటుంది. ఆ పెద్దాయనకు సంగతి చెప్పి, సంచిక మరొక్కసారి ఇవ్వమని నేను ఉత్తరం వ్రాయాలి. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.