జెరూసలేం ఎక్కడ, సిడ్నీ ఉపఎన్నిక ఎక్కడ?

2018 అక్టోబరు. సిడ్నీలో బాండై బీచ్ ఉన్న వెంట్‌వర్త్ నియోజకవర్గానికి ఉపఎన్నిక వచ్చింది. సొంత పార్టీవాళ్లే ప్రధాని పదవి నుంచి దించేయడంతో మాల్కమ్ టర్న్‌బుల్ పార్లమెంటుకే రాజీనామా చేశారు. కొత్త ప్రధాని స్కాట్ మోరిసన్‌కు దిగువ సభలో ఉన్న ఆధిక్యం ఒక్క సీటే. ఆ సీటు నిలబెట్టడానికి లిబరల్ పార్టీ దింపిన అభ్యర్థి డేవ్ శర్మ. భారతీయ మూలాలున్న ఈయన అంతకుముందు ఇజ్రాయెల్‌లో ఆస్ట్రేలియా రాయబారిగా పనిచేశారు. నియోజకవర్గంలో దాదాపు ఎనిమిదో వంతు మంది యూదులు. పోలింగ్ ఇంకా నాలుగు రోజులుందనగా మోరిసన్ ఒక ప్రకటన చేశారు: ఆస్ట్రేలియా రాయబార కార్యాలయాన్ని టెల్ అవీవ్ నుంచి జెరూసలేంకు మార్చే విషయం పరిశీలిస్తామని.

సీటు దక్కలేదు. స్వతంత్ర అభ్యర్థి, డాక్టర్ కెరిన్ ఫెల్ప్స్ గెలిచారు. ప్రభుత్వానికి మెజారిటీ పోయింది. కానీ ఇచ్చిన మాట మాత్రం మోరిసన్ మెడకు చుట్టుకుంది. ముస్లింలు అధికంగా ఉన్న పొరుగుదేశం ఇండోనేసియా కోపగించుకోవడంతో చేతికందిన వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు 2019 మార్చి దాకా జరగలేదు. ఈలోగా 2018 డిసెంబరు 15న మోరిసన్ మధ్యేమార్గం పట్టారు. పశ్చిమ జెరూసలేంను ఇజ్రాయెల్ రాజధానిగా గుర్తిస్తున్నాం, కార్యాలయం మాత్రం శాంతి ఒప్పందం కుదిరేదాకా టెల్ అవీవ్‌లోనే ఉంటుందన్నారు.

నాలుగేళ్లు తిరక్కుండానే అదీ పోయింది. 2022లో లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చాక, అక్టోబరు 18న విదేశాంగ మంత్రి పెన్నీ వాంగ్ ఆ గుర్తింపును రద్దు చేశారు. వెంట్‌వర్త్ ఓట్ల కోసం ఆడిన ఆటగా దాన్ని తప్పుపట్టారు. ఈసారి కోపగించుకోవడం ఇజ్రాయెల్ వంతైంది.

ఇంతకీ జెరూసలేం అంత సున్నితం ఎందుకు? 1967 యుద్ధంలో తూర్పు జెరూసలేంను ఇజ్రాయెల్ ఆక్రమించుకుంది. నగరమంతా తన రాజధాని అంటుంది. తూర్పు భాగం తమ భావి దేశానికి రాజధాని అని పాలస్తీనియన్లు అంటారు. ఆ చిక్కుముడిని చివరి చర్చల్లోనే విప్పుకోవాలని చాలా దేశాలు దూరంగా ఉంటాయి.

నిజానికి ఆస్ట్రేలియాలో రెండు పెద్ద పక్షాలూ కాగితం మీద ఒకే మాట చెబుతాయి: ఇజ్రాయెల్, పాలస్తీనా రెండు దేశాలుగా పక్కపక్కన బతకాలి. తగువల్లా పాలస్తీనాను ఎప్పుడు గుర్తించాలన్నదాని దగ్గరే. చర్చలు ముగిశాకే గుర్తింపు అంటుంది లిబరల్–నేషనల్ కూటమి. గుర్తింపే చర్చలకు ఊపునిస్తుందని లేబర్ ఇప్పుడంటోంది. లేబర్ ఈ మాటకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

1947లో పాలస్తీనా విభజన ప్రతిపాదనను పరిశీలించిన ఐక్యరాజ్యసమితి తాత్కాలిక కమిటీకి అధ్యక్షుడు లేబర్ విదేశాంగ మంత్రి హెచ్.వి. ఎవాట్. ఆ నవంబరు 29న 33–13 ఓట్లతో నెగ్గిన విభజన తీర్మానానికి ఆస్ట్రేలియా అనుకూలంగా ఓటేసింది. తర్వాతి తరంలో లేబర్ ప్రధాని బాబ్ హాక్ ఇజ్రాయెల్‌కు గట్టి మిత్రుడు. అదే హాక్ 2017లో పాలస్తీనాను గుర్తించాల్సిన సమయం వచ్చిందని రాశారు. ఆక్రమిత ప్రాంతంలో ఇజ్రాయెల్ ఆవాసాలు పెరిగిపోవడం ఆయన మనసు మార్చిన కారణాల్లో ఒకటి.

పార్టీ లోపల అసలు మలుపు 2012లో. ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనాకు పరిశీలక దేశ హోదా ఇచ్చే తీర్మానాన్ని వ్యతిరేకించాలని ప్రధాని జూలియా గిలార్డ్ అనుకున్నారు. విదేశాంగ మంత్రి బాబ్ కార్, పలువురు ఎంపీలు అడ్డుపడ్డారు. వాళ్ల లెక్కల్లో సూత్రమూ ఉంది, అరబ్, ముస్లిం ఓటర్లు ఎక్కువగా ఉన్న పశ్చిమ సిడ్నీ స్థానాలూ ఉన్నాయి. సొంత ఎంపీల దగ్గరే ఓడిపోయే పరిస్థితి చూసి గిలార్డ్ వెనక్కి తగ్గారు. ఆస్ట్రేలియా ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది.

ఆ తర్వాత పోరు పార్టీ మహాసభలకు మారింది. 2018 అడిలైడ్ మహాసభలో, పాలస్తీనాను గుర్తించాలని రాబోయే లేబర్ ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం చేశారు. గడువు మాత్రం పెట్టలేదు. ముఖ్యమైన ప్రాధాన్యంగా ఉంటుందని ఆశిస్తున్నాం అన్నారంతే. కార్యకర్తలకు మాట దక్కింది, నాయకులకు వెసులుబాటు మిగిలింది.

2023 అక్టోబరు 7న హమాస్ దాడి, దాని వెంట గాజా యుద్ధం ఆ వెసులుబాటును హరించాయి. 2024 జూన్ 25న పాలస్తీనాను గుర్తించాలంటూ గ్రీన్స్ పార్టీ సెనేట్‌లో తీర్మానం పెట్టింది. అఫ్గానిస్తాన్‌లో పుట్టిన లేబర్ సెనేటర్ ఫాతిమా పేమన్ తన పార్టీని కాదని గ్రీన్స్ వైపు వెళ్లి కూర్చున్నారు. మన దగ్గర విప్ ధిక్కరిస్తే చట్టప్రకారం అనర్హత వేటు పడుతుంది. ఆస్ట్రేలియాలో అలాంటి చట్టం లేదు, కానీ లేబర్ సభ్యులు పార్టీ నిర్ణయానికి కట్టుబడతామని ముందే ప్రమాణపత్రం ఇస్తారు. పేమన్‌ను పార్టీ పార్లమెంటరీ సమావేశాలకు రానివ్వలేదు. జులై 4న ఆమె పార్టీ వదిలేశారు, సెనేట్ సీటు మాత్రం ఆమెదే.

2025 మే ఎన్నికల్లో పశ్చిమ సిడ్నీలో ముస్లిం ఓటర్లను కూడగట్టే ప్రచారం మంత్రులు టోనీ బర్క్, జేసన్ క్లేర్‌ల మీద పోటీచేసిన స్వతంత్రులకు మద్దతిచ్చింది. మంత్రులిద్దరూ గెలిచారు. యూదు ఓటర్లు ఎక్కువగా ఉన్న మెల్‌బోర్న్‌లోని మెక్‌నమారాలో లేబర్ ఎంపీ జాష్ బర్న్స్, రెండో ప్రాధాన్య ఓటు ఎవరికి వేయాలో తన మద్దతుదారులకు చెప్పకుండా వదిలేశారు. గ్రీన్స్‌కు వేయమంటే ఒకరికి కోపం, వద్దంటే మరొకరికి. లేబర్ 94 సీట్లతో తిరిగొచ్చింది. ఆగస్టు 3న సిడ్నీ హార్బర్ వంతెన మీద పోలీసుల అంచనా ప్రకారమే 90 వేల మంది గాజా కోసం నడిచారు. ఎనిమిది రోజులకు ప్రధాని ఆంథొనీ అల్బనీజ్ గుర్తింపు నిర్ణయం ప్రకటించారు. సెప్టెంబరు 21న బ్రిటన్, కెనడాలతో పాటు ఆస్ట్రేలియా పాలస్తీనాను గుర్తించింది.

ఓట్ల లెక్కలు ఆస్ట్రేలియాకే పరిమితం కాదు. 120 సీట్ల ఇజ్రాయెల్ పార్లమెంటులో ఏ ఎన్నికలోనూ ఒక్క పార్టీకి సొంత మెజారిటీ రాలేదు. చిన్న పార్టీల చెయ్యి పట్టుకోకుండా ఎవరూ ప్రధాని కాలేరు. 1993లో పాలస్తీనియన్లతో ఓస్లో ఒప్పందం చేసుకున్న ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్‌ను 1995లో ఒక యూదు తీవ్రవాది చంపేశాడు. మరుసటి ఏడాది 30 వేల లోపు ఓట్ల తేడాతో గెలిచిన నెతన్యాహు ఆ ఒప్పందాన్ని విమర్శించిన నేత. ఆయన 2022 కూటమిలోని మంత్రులు బెన్ గ్విర్, స్మోట్రిచ్ పాలస్తీనా దేశమన్న మాటనే ఒప్పుకోరు. 2025 జనవరిలో కాల్పుల విరమణ కుదరగానే బెన్ గ్విర్ ప్రభుత్వం నుంచి బయటికి నడిచారు, మార్చిలో యుద్ధం మళ్లీ మొదలయ్యాక తిరిగొచ్చారు. ఈ ఇద్దరు మంత్రుల మీదా ఆ జూన్‌లో ఆస్ట్రేలియా ఆంక్షలు విధించింది. అవతలి పక్క, పాలస్తీనాలో, 2006 ఎన్నికల్లో హమాస్ 132కు 74 సీట్లు గెలిచింది. 2007లో గాజా హమాస్ చేతిలోకి, వెస్ట్ బ్యాంక్ దాని ప్రత్యర్థి ఫతా చేతిలోకి చీలిపోయాయి. అప్పటినుంచి పార్లమెంటు ఎన్నికే జరగలేదు.

భారతదేశం సంగతి వేరుగా సాగింది. రాజీవ్ గాంధీ ప్రభుత్వం 1988లో పాలస్తీనాను గుర్తించింది. 1992 జనవరిలో పి.వి. నరసింహారావు ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు నెలకొల్పారు. తర్వాత పార్టీలు మారినా, మొగ్గు అటూ ఇటూ అయినా, ఆ రెండు నిర్ణయాలను ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఆస్ట్రేలియాలో అలాంటి భరోసా లేదు. గుర్తింపు నిర్ణయం వెలువడగానే, అధికారంలోకి వస్తే దాన్ని రద్దు చేస్తామని అప్పటి ప్రతిపక్ష నాయకురాలు సుసాన్ లే ప్రకటించారు. అల్బనీజ్ ప్రభుత్వమూ అన్ని మెట్లూ ఎక్కలేదు. పాలస్తీనా అథారిటీ మాటిచ్చిన సంస్కరణలు ముందుకు సాగేదాన్ని బట్టే రాయబార కార్యాలయం తెరవడం వంటివి చూస్తామంది. ఆ సంస్కరణల్లో ఎన్నికలు జరపడం కూడా ఉంది. అవి పూర్తయ్యేలోపు ఆస్ట్రేలియా ఓటర్లు 2028లో మళ్లీ పోలింగ్ కేంద్రాలకు వెళ్లాల్సి రావచ్చు.