పెంకు మీది 1865ను నమ్మొచ్చా?

మీకు తెలుసా? నెల్లూరు సముద్రతీర పల్లెల్లో పాత ఇంటి వయసు తేల్చాలంటే మొదట కప్పు చూడాలి. కానీ కప్పు కూడా ఒక్కోసారి బురిడీ కొట్టిస్తుంది.

• దించిన మంగుళూరు పెంకును తిరగేస్తే బాసెల్ మిషన్ ముద్ర, పక్కన 1865 అంకె కనిపించాయా? ‘మా ఇల్లు నూటయాభై ఏళ్లది’ అని సంబరపడకండి. అది ఆ మిషన్‌కు చెందిన జర్మన్ మిషనరీ ప్లెబ్‌స్ట్ మంగుళూరులో నేత్రావతి ఒడ్డున పెంకుల కార్ఖానా పెట్టిన సంవత్సరం. ఆ తర్వాత ఏళ్ల తరబడి చేసిన పెంకుల మీదా అదే అంకె వేసేవారు. నెల్లూరు మీదుగా పోయే మద్రాసు–బెజవాడ రైలుమార్గం పూర్తయిందే 1899లో. మీ ఇంటి పెంకు ఆ తర్వాత వచ్చిందే కావచ్చు.

• అంతకుముందు ఉన్నది నాటు పెంకు. కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, పచ్చిమీదే నిలువునా రెండుగా చీల్చి కాల్చేవాడు. కోతి గెంతితే చాలు, పగిలేది.

• నెల్లూరుకు ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువ. కార్తీకంలో ముసురు పడితే పాత ఇళ్లలో నాలుగు వైపుల లోపలి వాలు కప్పు నీళ్లూ ఇంటి నడుమ తెరిచి ఉన్న మండువాలోకే దిగేవి. చూరు కింద బిందెలు పెట్టి పట్టుకోగా మిగిలింది మూలనున్న తూములోంచి బయటికి పోయేది. తూముకు ఆకులు అడ్డం పడ్డాయంటే నట్టింట్లో కుంటే!

• 1850ల్లో పెన్నకు నెల్లూరు దగ్గర ఆనకట్ట పడ్డాక వరి పండింది, డబ్బొచ్చింది. ఆ కలిమికి గుర్తు మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, సున్నంతో అతికి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసేవారు. ఆడకూలీలు వరసగా కూర్చుని, బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్లు చిలకరిస్తూ చెక్కలతో రోజుల తరబడి దాన్ని కొట్టేవారు. సిమెంటు ఊసే లేదు. దక్షిణాన పులికాట్ సరస్సులో దొరికే గుల్లల్ని కాల్చి కూడా సున్నం చేసేవారు. సరుకు రవాణాకు బకింగ్‌హాం కాలువ ఉండేది.

• తీరంలోని చుట్టిల్లు మాత్రం గాలివాన లెక్కతో కట్టింది. మూలలు లేని గుండ్రటి మట్టిగోడ, నేలకు వంగిన తాటాకు చూరు. గాలి పట్టు దొరక్క పక్కల నుంచి జారిపోతుంది.

• లోగిలి అరుగు అందరిదీ అనుకుంటాం, కాదు. రైతులు, కరణాలు కూర్చునే ఆ అరుగు మీదికి దళిత కూలీలను ఎక్కనిచ్చేవారు కాదు. అలాంటి రోజుల్లోనే, విడవలూరు మండలం అలగానిపాడులో 1913లో భూస్వామి ఇంట పుట్టిన కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య సొంతూళ్లోనే వ్యవసాయ కూలీలను సంఘటితం చేశారు. తర్వాత తన వాటా ఆస్తిని కమ్యూనిస్టు పార్టీకి ఇచ్చేశారు.