క్యాన్సర్ నయమైంది, ఫైలు మాత్రం పారేయొద్దు
పిల్లప్పుడు తీసుకున్న చికిత్స పెద్దయ్యాక ఒంటిమీద చూపే ప్రభావం... డాక్టర్ స్మితా భాటియా పరిశోధన మన ఇళ్లకు చెప్పే విషయాలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. మూడూ బెంగళూరు రైలు మార్గంలో ఉన్న ఊళ్లే. బిడ్డకు బ్లడ్ క్యాన్సర్ అని తెలిస్తే ఇక్కడి కుటుంబాల్లో చాలామంది ఆ రైలే ఎక్కుతారు. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. అక్కడ కేంద్ర మంత్రిగా పనిచేసిన రఫీ అహ్మద్ కిద్వాయ్ పేరు మీద ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇంకొందరు హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రికి వెళ్తారు. రెండు మూడేళ్లు తిరుగుతారు. మగ్గం పని ఆగుతుంది, అప్పులవుతాయి, ఇంట్లో అమ్మీ దువా ఆగదు.

చివరికి ఒక రోజు డాక్టర్ "ఇక మందులు అక్కర్లేదు" అంటారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత చాలా ఇళ్లలో జరిగేది ఒక్కటే. ఆస్పత్రి ఫైలు అటక ఎక్కుతుంది. ఆడపిల్ల అయితే ఆ మాటే బయటికి రానివ్వరు. రేపు సంబంధాలు చూడాలి కదా అని.

సరిగ్గా ఇక్కడే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. క్యాన్సర్ కణాలను చంపిన ఆ ఘాటు మందులు, ఆ రేడియేషన్ పెరిగే వయసులో ఉన్న బిడ్డ గుండెను, ఎముకలను, చెవులను ఏమీ చేయకుండా వదిలాయా? ఈ ప్రశ్నకే తన వృత్తి జీవితాన్ని ఇచ్చిన పిల్లల క్యాన్సర్ వైద్యురాలు డాక్టర్ స్మితా భాటియా.

ఢిల్లీ నుంచి అలబామా దాకా

ఆమె చదివింది ఢిల్లీ ఎయిమ్స్‌లో. తర్వాత అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పిల్లల రక్త వ్యాధులు, క్యాన్సర్ వైద్యంలో శిక్షణ పొందారు. కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ సంస్థలో చాలా ఏళ్లు పనిచేశారు. 2015 నుంచి బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయంలో, క్యాన్సర్ నుంచి బయటపడినవాళ్ల మీద పరిశోధించే సంస్థను నడుపుతున్నారు.

ఆమె రంగంలోకి వచ్చేనాటికి పిల్లల క్యాన్సర్ కథ చాలా మారిపోయింది. ఆ మార్పు మొదలైన చోట ఒక తెలుగువాడు కూడా ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే ప్రయోగశాల నుంచే ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందులు వచ్చాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గిందని 1948లో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ్టికీ లుకేమియా పిల్లలకు ఇస్తున్నారు.

ఇప్పుడు ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారు. పేద, మధ్యాదాయ దేశాల్లో ఈ సంఖ్య చాలా తక్కువ. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది పిల్లలు బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది.

అయితే నయం కావడం ఒక్కటే చాలదని 1975లోనే డాక్టర్ డాంజియో అనే అమెరికన్ వైద్యుడు రాశారు. బిడ్డ బతికితే సరిపోదు, ఆ బతుకు బాగుండాలి అన్నది ఆయన మాట సారాంశం.

లెక్కలు ఏం చెప్పాయి?

1996లో డాక్టర్ భాటియా, ఆమె తోటి వైద్యులు ఒక ముఖ్యమైన అధ్యయనం ప్రచురించారు. చిన్నతనంలో హాడ్జ్‌కిన్స్ అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కు చికిత్స పొందిన 1,380 మందిని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో కొందరికి తర్వాత వేరే క్యాన్సర్ వచ్చింది. గడ్డ రూపంలో వచ్చేవాటిలో రొమ్ము క్యాన్సరే ఎక్కువ. ఛాతీకి రేడియేషన్ తీసుకున్న ఆడపిల్లలకు, అదీ పది నుంచి పదహారేళ్ల మధ్య తీసుకున్నవాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది. ఇలాంటి అధ్యయనాల వల్లే పిల్లలకు రేడియేషన్ మోతాదు తగ్గించే దారులు వెతికారు. అలా చికిత్స పొందినవాళ్లకు ముందుగానే పరీక్షలు మొదలుపెట్టారు.

2006లో వచ్చిన మరో పెద్ద అమెరికన్ అధ్యయనం పది వేల మందికి పైగా లెక్క తీసింది. క్యాన్సర్ బయటపడిన 30 ఏళ్లకు ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి ఏదో ఒక దీర్ఘకాల ఆరోగ్య సమస్య ఉంది. భయపడాల్సిన పని లేదు. ఇందులో చిన్న సమస్యలూ ఉన్నాయి, పైగా అవి పాతకాలం చికిత్సలు. కానీ పట్టించుకోకుండా వదిలేసే లెక్క మాత్రం కాదు.

ఏ మందు, ఏ అవయవం?

అందరికీ అన్నీ రావు. ఏం తీసుకున్నారు, ఎంత తీసుకున్నారు, ఏ వయసులో తీసుకున్నారు అన్నదాన్ని బట్టి ముప్పు మారుతుంది.

డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్: ఎర్రగా ఉండే ఈ మందులు గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు. అది పదేళ్లకో, ఇరవై ఏళ్లకో బయటపడవచ్చు. మొత్తం మోతాదు ఎక్కువైనవాళ్లకు ముప్పు ఎక్కువ. కొందరికి తక్కువ మోతాదుతోనే దెబ్బ ఎందుకు తగులుతుంది? దానికి జన్యువుల్లో తేడా ఒక కారణమని డాక్టర్ భాటియా బృందం చూపింది. వీళ్లకు డాక్టర్ చెప్పిన గడువు ప్రకారం ఎకో పరీక్ష ఉండాలి.

సిస్‌ప్లాటిన్: వినికిడి తగ్గవచ్చు. బడిలో పిల్లవాడు వెనకబడితే బుద్ధి మందగించిందని తిట్టే ముందు చెవి పరీక్ష చేయించాలి.

సైక్లోఫాస్ఫమైడ్ లాంటివి: మోతాదు ఎక్కువైతే సంతానం కలగడంలో ఇబ్బంది రావచ్చు.

స్టెరాయిడ్లు: ఎముకలు, ముఖ్యంగా తుంటి కీలు దెబ్బతినవచ్చు.

తలకు రేడియేషన్: ఎత్తు పెరగడం, చదువు, హార్మోన్ల మీద ప్రభావం ఉండవచ్చు. మెడకు రేడియేషన్ అయితే థైరాయిడ్ చూసుకోవాలి.

చికిత్స మధ్యలో ఉన్నవాళ్లకు

డాక్టర్ భాటియా చేసిన మరో పని మన ఇళ్లకు నేరుగా పనికొస్తుంది. లుకేమియా పిల్లలకు చివరి దశలో రోజూ ఇంట్లోనే మెర్కాప్టోప్యూరిన్ మాత్ర ఇవ్వాలి. ఆమె బృందం మందు సీసా మూతలో చిన్న చిప్ పెట్టి, ఏ రోజు తెరిచారో నమోదు చేసింది. 2012లో వచ్చిన ఫలితం ఇది: 95 శాతం కంటే తక్కువ రోజులు మాత్ర వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు బాగా పెరిగింది. అంటే నెలలో రెండు రోజులు మరిచిపోయినా ఆ గీత కిందికి జారినట్టే. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా, పెళ్లికి వెళ్లాం కదా అని మాత్ర మానొద్దు.

నికా మాట వచ్చినప్పుడు

క్యాన్సర్ అంటురోగం కాదు. చిన్నప్పుడు చికిత్స పొందినవాళ్లకు పుట్టే పిల్లల్లో లోపాలు ఎక్కువగా ఉంటాయని పెద్ద అధ్యయనాల్లో కనిపించలేదు. కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా లాంటి కొన్ని వంశపారంపర్య రకాలకు మాత్రం జన్యు సలహా తీసుకోవాలి. కాబట్టి దాచుకోవాల్సిన మచ్చ ఇది కాదు.

దాచడంలో అసలు ప్రమాదం వేరే ఉంది. గుండె మీద పనిచేసే మందులు తీసుకున్న అమ్మాయి గర్భం దాల్చితే, ముందే లేదా మొదటి నెలల్లోనే ఎకో చేయించాలి. అత్తగారింట్లో ఎవరికీ తెలియకపోతే, కాన్పు చేసే డాక్టర్‌కు ఎవరు చెప్తారు? పరువు కోసం దాచిన మాట ప్రాణం మీదికి రావచ్చు.

రంజాన్ రోజాల విషయమూ అంతే. పూర్తిగా కోలుకున్నవాళ్లలో చాలామందికి ఇబ్బంది ఉండదు. రోజూ హార్మోన్ మాత్రలు వేసుకునేవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ను అడగాలి.

ఇప్పుడు చేయాల్సింది

మన దేశంలో ఈ దిశగా ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రిలో డాక్టర్ పూర్ణా కుర్కురే 1991లోనే దారి వేశారు. చికిత్స ముగిసిన పిల్లల కోసం అక్కడ ప్రత్యేక క్లినిక్ మొదలైంది.

ధర్మవరంలోనో పెనుకొండలోనో ఉన్న కుటుంబం చేయగలిగింది కూడా ఉంది. చికిత్స చేసిన ఆస్పత్రిలో ఒక సారాంశ పత్రం అడగండి. జబ్బు పేరు, మందుల పేర్లు, మొత్తం మోతాదు, రేడియేషన్ ఎక్కడ ఎంత ఇచ్చారు, రక్తం ఎప్పుడు ఎక్కించారు అన్నవి అందులో ఉండాలి. దాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఏడాదికి ఒకసారైనా డాక్టర్‌కు చూపించండి. అబ్బాయిలు బీడీ, సిగరెట్, గుట్కా జోలికి పోకూడదు. చికిత్స అలిసిపోయేలా చేసిన గుండెకు, ఊపిరితిత్తులకు అవి రెండో దెబ్బ.

బిడ్డకు పదిహేనేళ్లు వచ్చాక తన జబ్బు పేరు, తీసుకున్న మందుల పేర్లు తనకే చెప్పాలి. అమ్మీ, అబ్బా ఎప్పుడూ పక్కన ఉండరు. అటక మీది ఆ ఫైలు రేపు ఆ బిడ్డ చేతిలో ఉండాల్సిందే.